బార్లీ పెట్టిన సెలవు

మా రోడ్డు మీద వెర్నా ఇల్లు ఎవరికీ వేలు పెట్టి చూపించక్కర్లేదు. స్కూలు బస్సు పసుపు. స్కూలు షెడ్డులో మిగిలిపోయిన రంగు తెచ్చి కొట్టించిందని ఊళ్ళో అంటారు. "ఏం కాదు, ఇష్టపడి కొనుక్కున్నాను" అని ఆవిడ అంటుంది. ఏది నిజమో ఎదురింట్లో ఉండే నాకే తెలియదు.

వెర్నా ఇరవై ఎనిమిదేళ్ళు ఏడో నంబరు బస్సు నడిపింది. మా లోయలో నవంబరులో పడిన మంచు ఏప్రిల్ దాకా కరగదు. బంగాళాదుంప చేనెక్కడ ఆగిందో, రోడ్డెక్కడ మొదలైందో తెలియని రోజులుంటాయి. అలాంటి రోజున కూడా ఆరూ పదికి మొదటి పిల్లాడి గుమ్మం ముందు ఆవిడ బస్సు ఆగేది. ఇన్నేళ్ళలో ఒక్క జబ్బు సెలవు లేదు. ఒకసారి చెయ్యి విరిగింది గానీ, అది కూడా వేసవి సెలవుల్లోనే విరగ్గొట్టుకుంది.

పిల్లల్ని అరిచేది కాదు. తల పైన ఉండే పెద్ద అద్దంలోంచి చూసేది, అంతే. ఆ రెండు కళ్ళు అద్దంలో కనిపిస్తే ఆఖరి సీట్లో వాడు నోట్లో చూయింగ్ గమ్ గుటుక్కున మింగేసేవాడు. ఒకప్పుడు మొగుడుండేవాడు. దూరాన కనెటికట్ రాష్ట్రంలో పని దొరికిందని వెళ్ళి అక్కడే ఉండిపోయాడు. "దిగాల్సిన స్టాపు దాటిపోయాడు, పోనీ" అనేది. అంతకు మించి ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు.

ఆవిడ ఇంట్లో ఇంకో ఇద్దరుండేవాళ్ళు. ఒకటి పిల్లి. నల్ల ఒళ్ళు, తెల్ల మెడ, అచ్చం మా కాన్వెంటు సిస్టర్లలా ఉంటుందని పేరు కూడా సిస్టర్ అనే పెట్టింది. చూపు కూడా అదే చూపు, మనం ఏదో తప్పు చేసి దాచినట్టు. రెండోది బార్లీ. లాబ్రడార్‌కీ, ఇంకా దేనికో పుట్టిన గోధుమరంగు కుక్క. డెబ్బై అయిదు పౌన్లు ఉండాల్సింది తొంభై ఆరు ఉండేది.

ఈ తొంభై ఆరు దగ్గరే వచ్చింది గొడవంతా. పశువుల డాక్టరు మారీస్ సన్నగా, నెమ్మదిగా ఉండే అమ్మాయి. "ఇలాగే ఉంటే దాని మోకాళ్ళు పోతాయి వెర్నా గారూ. పొద్దున ఒక కప్పు, సాయంత్రం ఒక కప్పు. మధ్యలో ఆకలంటే ఉప్పు లేకుండా ఉడికించిన చిక్కుళ్ళు" అని రాసిచ్చింది. వెర్నా ఆ కాగితం ఫ్రిజ్ మీద అంటించి, కప్పుతో గింజలు తీసి, చాకు వీపుతో పైన గీసి చదును చేసి మరీ పెట్టేది. ఆరు నెలల తరవాత తూకం వేస్తే తొంభై తొమ్మిది.

"ఇంకెక్కడో తింటోంది" అంది మారీస్.

"ఎక్కడ తింటుంది డాక్టరమ్మా? నేను పొద్దున వెళ్ళేటప్పుడు చాప మీద పడుకుని ఉంటుంది. సాయంత్రం వచ్చేసరికి అదే చాప మీద అలాగే ఉంటుంది."

"మధ్యలో ఎక్కడుంటుందో చూశారా?"

"నా కుక్క మీద అభాండాలు వెయ్యొద్దు."

రెండుసార్లు రక్తపరీక్షలు చేయించింది. ఏ లోపమూ కనబడలేదు. అయినా అనుమానం వచ్చి ఒక ఆదివారం చర్చి అయ్యాక ఇంటింటికీ వచ్చింది. "నా బార్లీకి ఎవరైనా ఒక్క ముక్క పెట్టారని తెలిసిందో, వాళ్ళ పిల్లలు బడికి నడిచే వెళ్తారు" అంది. నాలుగిళ్ళ అవతల ఉండే ఎనభై నాలుగేళ్ళ ఒనెజిమ్‌ని ఊరంతా పెపేర్ అనే పిలుస్తాం, తాతయ్య అన్నట్టు. "నాకిప్పుడు బడికెళ్ళే పిల్లలెవరున్నారమ్మాయ్" అన్నాడాయన, ఎంతో నిశ్చింతగా. మేమందరం ఒట్లు వేశాం. నేనైతే మేరీమాత బొమ్మ మీద చెయ్యి పెట్టి వేశాను.

ఇప్పుడు చెప్పడానికి సిగ్గేముంది? నేను రోజూ పెట్టేదాన్ని. టోస్టు అంచులు రెండు, వెన్న రాసి. అది వెర్నా వంటింటి తలుపుకున్న చిన్న రెక్క తోసుకుని బయటికొచ్చి, రోడ్డుకి ఇటూ అటూ చూసి దాటి, ఎనిమిదీ నలభైకి నా మెట్టు మీద కూర్చునేది. మొరిగేది కాదు, గోకేది కాదు. ఒక్క నిట్టూర్పు విడిచేది. ఇరవై ఏళ్ళు లైబ్రరీలో పనిచేశాను, ఎన్నో రకాల మనుషుల్ని చూశాను గానీ అంత బాధగా నిట్టూర్చినవాళ్ళని చూడలేదు. రెండు అంచులకి ఏమవుతుందిలే అనుకునేదాన్ని. మిగతావాళ్ళు కూడా అలాగే అనుకుంటున్నారని నాకేం తెలుసు?

మార్చి మొదట్లో వెర్నాకి దగ్గు పట్టుకుంది. "కొంచెం జలుబు" అంది. వారం తిరిగేసరికి ఆ దగ్గు విని బస్సులో పిల్లలు లెక్కపెట్టడం మొదలెట్టారట, స్టాపుకి ఎన్ని అని. గురువారం పొద్దున బస్సు స్కూలు ముందు ఆగింది గానీ డ్రైవరు దిగలేదు. ప్రిన్సిపాలు వెళ్ళి చూస్తే ఆవిడ స్టీరింగు మీద తల పెట్టుకుని "పిల్లలందరూ దిగారా?" అని అడిగిందట. ఆయన తాళాలు తీసేసుకున్నాడు. క్లినిక్‌లో డాక్టరు నిమోనియా అన్నాడు. ఆసుపత్రిలో చేరడమా, ఇంట్లో మంచం మీద ఉండడమా, రెండోదైతే పక్కన ఒక మనిషి ఉండాలి అన్నాడు. వెర్నా, కారులో తీసుకెళ్ళిన నా వైపు చూపించింది. నన్ను అడగలేదు.

అలా నేను ఆ పసుపు ఇంట్లో సోఫా ఎక్కాను.

మర్నాడు పొద్దున అయిదింటికే లేచి చూస్తే బార్లీ వెర్నా మంచం పక్కన నిలబడి ఉంది, నోట్లో ఆవిడ మంచు బూటు. అది కింద పెట్టి వెళ్ళి రెండోది తెచ్చింది. తరవాత దుప్పటి అంచు పట్టి లాగింది.

"చూశావటే లినెట్, నన్ను పనికి పొమ్మంటోంది" అంది వెర్నా మూలుగుతూ. "ఇంట్లో అందరికంటే దీనికే బాధ్యత తెలుసు."

నాకు మాత్రం వేరే అనుమానం. ఆవిడ కదిలితే గానీ దీని రోజు మొదలవ్వదు కదా మరి. అయితే ఆరూ పద్నాలుగుకి రోడ్డు మీద ఏడో నంబరు బస్సు వెళ్ళిన చప్పుడు వినిపించింది, ఎవరో కొత్త డ్రైవరు తోలుతున్నాడు. "నాలుగు నిమిషాలు ఆలస్యం" అంది వెర్నా కళ్ళు మూసుకునే. బార్లీ కిటికీ దాకా వెళ్ళి బస్సుని చూసింది, మంచం మీద వెర్నాని చూసింది. మళ్ళీ బస్సు వెళ్ళిన వైపు చూసింది. తరవాత వచ్చి ఆవిడ చెప్పు మీద గడ్డం ఆనించి పడుకుంది. ఎనిమిదీ నలభై అయింది. లేవలేదు. నేను వంటింట్లో టోస్టు చేసుకున్నాను, వాసన ఇల్లంతా వెళ్ళింది. అయినా లేవలేదు.

సిస్టర్ పద్ధతి వేరు. ఏడాదికి రెండుసార్లు కూడా ఒళ్ళోకి రాని పిల్లి, జ్వరం నూటమూడుకి చేరగానే వచ్చి వెర్నా గుండెల మీద పడుకుంది.

"ఇన్నాళ్ళకి ప్రేమ పుట్టింది దీనికి" అంది వెర్నా, దాని వీపు నిమురుతూ.

"ప్రేమ కాదు, పొయ్యి దొరికింది" అన్నాను నేను.

నా మాటే నిజమైంది. మాత్రలకి జ్వరం దిగిన గంటలోనే సిస్టర్ లేచి, ఒళ్ళు విరుచుకుని, వెర్నా ముక్కు మీద కాలు వేసి దిగి, బట్టలు ఆరబెట్టే మిషను మీదికి మారిపోయింది. సాయంత్రం జ్వరం పెరిగితే మళ్ళీ వచ్చేది. నాకు థర్మామీటరు అవసరమే లేకపోయింది. మధ్యలో వెర్నా దగ్గితే పైకెగిరి పడి, ఆవిడ వైపు అసహ్యంగా చూసేది. నేను తెచ్చిన చికెన్ స్ట్యూ మొదట ఎవరు రుచి చూసేవారో చెప్పక్కర్లేదనుకుంటాను.

అయిదో రోజున పెపేర్ ఒనెజిమ్ వచ్చాడు, చేతిలో గుడ్డ కప్పిన పళ్ళెం, అందులో వేడివేడి ప్లోయ్ అట్లు. గోధుమరంగు చిల్లుల అట్లు అవి, ఆయన భార్య పోయాక రెండేళ్ళుగా ఆయనే వేసుకుంటున్నాడు. "ఎలా ఉందమ్మాయ్ ఒంట్లో?" అని వెర్నాని అడుగుతున్నాడు గానీ కళ్ళు మంచం కింద వెతుకుతున్నాయి. బార్లీ కనబడగానే ఆయన మొహం విచ్చుకుంది.

"ఓరి వెధవా! బతికే ఉన్నావా? ఏ బండి కిందైనా పడ్డావేమో అనుకున్నాను కదరా!"

 వెర్నా గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. గోడకి ఆనించి చిన్న బల్ల మీద ఒక అద్దం ఉంది. ఆ అద్దంలో రెండు కళ్ళు తెరుచుకున్నాయి.

"పెపేర్, బార్లీ కనబడకపోతే మీకెందుకు కంగారు?"

"కంగారేముంది? ఊరికే. కుక్క కదా."

"మీరు దాన్ని ఎక్కడ చూస్తారు?"

"అదీ... కిటికీలోంచి. ఒక్కోసారి."

"ఎన్నింటికి?"

"పదింటికి" అన్నాడు పెపేర్. అనేసి నాలిక కరుచుకున్నాడు.

సరిగ్గా అప్పుడే, దేవుడు ఎవరినో శిక్షించాలని నిర్ణయించుకున్నట్టు, మలుపులో గ్యారేజీ నడిపే రెజిస్ తలుపు తోసుకుని లోపలికొచ్చాడు. ఆరడుగుల మనిషి, చిన్నప్పుడు పన్నెండేళ్ళు ఏడో నంబరు బస్సెక్కినవాడు. "వెర్నా అత్తా, ఎలా ఉన్నావ్? బార్లీ ఎక్కడ? దాని బొలోనా మాంసం నాలుగు రోజుల్నించీ ఫ్రిజ్‌లో..." అని అద్దం చూశాడు. నోట్లో ఏమీ లేకపోయినా గుటక వేశాడు.

వెర్నా మెల్లగా దిండుకి ఆనుకుని లేచి కూర్చుంది. జ్వరంతో బుగ్గలు ఎర్రగా ఉన్నాయి.

"ఎవరెవరు? ఒక్కొక్కరూ చెప్పండి."

"ఒక్క గుడ్డే అమ్మాయ్" అన్నాడు పెపేర్. "నేను రెండు వేయించుకుంటాను. ఒకటి నాది. ఒక్కణ్ణే ఎలా తినను?"

"బొలోనా ముక్కలు మూడు. మధ్యాహ్నం. శుక్రవారం మాత్రం నాలుగు" అన్నాడు రెజిస్. "కానీ నేనొక్కణ్ణే కాదు అత్తా! పోస్టాఫీసు వెనక గుమ్మంలో బిస్కెట్లు పెడతారు, పాల బూత్‌లో మీగడ పెడతారు. చర్చి వంటింట్లో బుధవారం బీన్స్ గిన్నె దీన్ని నాకనిస్తారు."

"ఇంకా?"

 వెర్నా నా వైపు తిరగలేదు. అద్దంలోంచి చూసింది.

"లినెట్."

"రెండు అంచులు" అన్నాను. "వెన్నతో."

"మేరీమాత మీద ఒట్టేశావు కదే!"

"ఆవిడ క్షమించేసింది. నువ్వే మిగిలావు."

తిట్లు మొదలవుతాయనుకున్నాం. చిత్రంగా వెర్నా మందుల కాగితం వెనక వైపు తిప్పి పెన్సిలు అడిగింది. ఎన్నింటికి ఎక్కడ, ఎంతసేపు, ఏ దారిన వెళ్తుంది అని అందర్నీ అడిగి వరసగా రాసుకుంది. నా మెట్టు ఎనిమిదీ నలభై. పోస్టాఫీసు తొమ్మిదీ పది. పెపేర్ పదింటికి. గ్యారేజీ పన్నెండు. ఆపైన పాల బూత్, చర్చి. మూడూ ముప్పావుకి మళ్ళీ వంటింటి చాప మీద.

"ఆలస్యంగా వచ్చేదా?" అని అడిగింది.

"లేదత్తా. దాన్ని చూసి గోడ గడియారం సరిచేసుకునేవాణ్ణి" అన్నాడు రెజిస్.

"జనవరిలో పెద్ద తుఫాను వచ్చింది చూడు, ఆ రోజు?"

"పదింటికి వచ్చింది" అన్నాడు పెపేర్. "మీసాల నిండా మంచు."

వెర్నా ఆ కాగితం వైపు చాలాసేపు చూసింది. కోపం తెచ్చుకోవాలని చూస్తోంది గానీ పెదాలు మాట వినడం లేదు. "ఆరు స్టాపులు. తుఫానులో కూడా" అని గొణిగింది. కన్నతల్లి బిడ్డ మార్కులు చూసుకున్నట్టు ఉంది ఆ మొహం.

తరవాత హఠాత్తుగా తలెత్తింది.

"మరి నేను పడుకున్న దగ్గర్నించీ?"

"రాలేదు" అన్నాడు పెపేర్. "ఒక్క రోజు కూడా. అందుకే కదా వచ్చాను."

"తలుపు రెక్క గడియ పెట్టారా?"

"ఎవరూ పెట్టలేదు" అన్నాను. "పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పెరట్లోకి వెళ్ళొస్తుంది. అంతే."

రెజిస్‌కి ఇది నచ్చలేదు. "ఊరుకో అత్తా, కుక్కకి ఇదంతా ఏం తెలుసు? బయట చలిగా ఉందని ఉండిపోయింది. నేను పిలిస్తే చూడు" అని గ్యారేజీకి వెళ్ళి బొలోనా పొట్లం తెచ్చి పెరట్లో నిలబడి ఈల వేశాడు. నేనూ పెపేర్ వంటింటి కిటికీ దగ్గర నిలబడ్డాం. బార్లీ చెవులు నిక్కాయి. లేచింది, వంటింట్లోకొచ్చింది. తలుపు రెక్క తోసి సగం ఒళ్ళు బయట పెట్టింది. ముందరి సగం గాలి పీలుస్తోంది, నోట్లోంచి తీగలా చొంగ కారుతోంది. వెనక సగం మాత్రం ఇంట్లోనే ఉంది, తోక ఆడడం లేదు. లోపల గదిలో వెర్నా దగ్గింది.

బార్లీ వెనక్కి రావడం మొదలెట్టింది. ముందుకి దూరినంత సులువుగా వెనక్కి రావడానికి ఆ నడుము ఒప్పుకోలేదు. అటూ ఇటూ ఊగింది, ఇరుక్కుంది, చివరికి పెపేర్ వెనక కాళ్ళు పట్టి లాగితే ఊడి వచ్చింది. ఒళ్ళు దులుపుకుని తిన్నగా వెళ్ళి చెప్పు మీద గడ్డం పెట్టుకుని పడుకుంది. ఆశ్చర్యంలో రెజిస్ చేతిలో పొట్లం జారింది. అది నేల తాకకముందే సిస్టర్ అక్కడుంది.

జరిగింది చెబితే వెర్నా గోడ వైపు తిరిగింది. అద్దాన్ని చేత్తో బోర్లా పడేసింది. కాసేపటికి ముక్కు చీదుకుని, "ఈ నిమోనియా కళ్ళక్కూడా వచ్చిందే" అంది. చెయ్యి మాత్రం మంచం పక్కనుంచి కిందికి వేలాడి బార్లీ నెత్తి మీద ఉంది.

ఆ మర్నాటి నించీ పెపేర్ రోజూ పదింటికి వచ్చి వెర్నా వంటింట్లోనే గుడ్లు వేయించడం మొదలెట్టాడు, మూడు. ఒకటి తనకి, ఒకటి నాకు, ఒకటి వెర్నాకి. ఆ అయిదు రోజులూ తను పొయ్యి వెలిగించలేదని, డబ్బాలోంచి బిస్కెట్లు తిని ఊరుకున్నానని మాటల్లో బయటపెట్టాడు. వెర్నా తిట్టిన తిట్లకి నేను పక్క గదిలోకి వెళ్ళిపోయాను.

మూడు వారాలకి ఆవిడ లేచి తిరిగింది. మొట్టమొదట చేసిన పని బార్లీని మారీస్ దగ్గరికి తీసుకెళ్ళడం. నేనే కారు నడిపాను. తూకం పళ్ళెం మీద బార్లీ, దాని పక్కన మారీస్, ముల్లు చూసి కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.

"ఏడు పౌన్లు తగ్గింది! మూడు వారాల్లో! ఏం చేశారు వెర్నా గారూ?"

"నిమోనియా తెచ్చుకున్నాను."

మారీస్‌కి అర్థం కాలేదు. అంతా చెప్పాం. ఆ అమ్మాయి నవ్వు ఆపుకోవాలని చాలా ప్రయత్నించింది, చివరికి బల్ల మీద తల పెట్టేసింది. "అందరికీ ఈ మందు రాసివ్వలేను కదా" అంది కళ్ళు తుడుచుకుంటూ. వెర్నా గంభీరంగా నిలబడి, "అభాండాలన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను డాక్టరమ్మా" అంది. ఆవిడ ఒక మాట వెనక్కి తీసుకోవడం నేను చూడడం అదొక్కసారే.

ఆ ఆదివారం మళ్ళీ ఇంటింటికీ వచ్చింది. బార్లీ తిరగడం మాన్పించనంది. అది కుదుర్చుకున్న దారి, దాని ఉద్యోగం దానిది అంది. ఒక్కొక్కరి చేతిలో ఒక్కో డబ్బా పెట్టింది. ఉప్పు లేని చిక్కుళ్ళు. "స్టాపుకి నాలుగు కాయలు. అయిదోది పెట్టారో..." అని ఆగింది. మాకు పిల్లలు లేకపోయినా భయం వేసింది.

సోమవారం వెర్నా బస్సెక్కింది. ఎనిమిదీ నలభైకి బార్లీ నా మెట్టు మీదికొచ్చింది. నాలుగు చిక్కుళ్ళు పెట్టాను. వాసన చూసింది, నా మొహం చూసింది, మళ్ళీ చిక్కుళ్ళు చూసింది. లైబ్రరీలో చిరిగిన పుస్తకం తిరిగిచ్చినవాళ్ళని నేను చూసే చూపు అది. తిన్నది గానీ, ఒక్కొక్కటీ నాకోసం తింటున్నట్టు తిన్నది.

ఆ తరవాతి జనవరిలో ఒక సాయంత్రం వెర్నా నాకు ఫోను చేసింది. నాలుగు దాటినా బార్లీ ఇంటికి రాలేదట. ఇద్దరం వెతుక్కుంటూ వెళ్ళాం. గ్యారేజీకి రాలేదన్నాడు రెజిస్. పెపేర్ తలుపు తడితే లోపల్నించి బలహీనంగా గొంతు వినబడింది.

"ఇక్కడే ఉందమ్మాయ్. పదింటికొచ్చింది, పొమ్మంటే పోవడం లేదు. తీసుకెళ్ళు."

లోపలికెళితే ఆయన కుర్చీలో దుప్పటి కప్పుకుని వణుకుతున్నాడు. బార్లీ ఆయన పాదాల మీద అడ్డంగా పడుకుని ఉంది. మమ్మల్ని చూసి తోక ఒక్కసారి నేలకేసి కొట్టింది, లేవలేదు.

"ఏమైంది పెపేర్?"

"కొంచెం జలుబు."

"కోటు వేసుకోండి" అంది వెర్నా.

"ఎందుకు? నేను ఏ డాక్టరు దగ్గరికీ..."

"పెపేర్. కోటు."

వేసుకున్నాడు. వెర్నా పికప్‌లో ముందు సీట్లో ముగ్గురం ఇరుక్కుని కూర్చున్నాం, నా ఒళ్ళో ఎనభై పౌన్ల కుక్క. క్లినిక్‌లో ఇది ఫ్లూ అన్నారు, రెండు రోజులాగి వచ్చుంటే ఈ వయసులో కష్టమయ్యేదన్నారు. వెర్నా ఆయన్ని ఇంటికి పంపలేదు. తన ముందు గదిలో పరుపు వేయించింది. వారం పాటు నేను స్ట్యూ చేశాను, రెజిస్ కట్టెలు తెచ్చి పడేశాడు. పెపేర్ ఫిర్యాదులన్నీ పిల్లి మీదే.

"అమ్మాయ్, ఇది నా గుండెల మీంచి దిగడం లేదు. ఊపిరాడట్లేదు."

"జ్వరం తగ్గాక దిగుతుంది."

"ఎలా తెలుసు?"

"మీరు ఊరుకోండి, అది చూసుకుంటుంది" అంది వెర్నా, బస్సు తాళాలు తీసుకుని బయటికి వెళ్తూ.

శనివారం పొద్దున సిస్టర్ దిగిపోయింది. ఆదివారం పెపేర్ తన ఇంటికి నడిచి వెళ్ళాడు, పక్కన బార్లీ, వెనకాల పరుపు మోస్తూ రెజిస్. పరుపు మీరే ఉంచుకోండి, మీదానికంటే ఇదే మెత్తగా ఉందని వెర్నా ఇచ్చేసింది.